మా ఆడపడుచు ఎవరినీ కాపాడలేదు

మా ఆడపడుచు చనిపోయిందన్న కబురు నాకు బడిలో తెలిసింది. నాలుగో తరగతి పిల్లల చేత ఒత్తులు రాయిస్తున్నాను. ఫోను చేసింది మా ఆయన కాదు. రొయ్యల ఫ్యాక్టరీలో ఆమె పక్కన నిలబడి పనిచేసిన మంగ, కాకినాడ ఆసుపత్రి వరండాలో నుంచి చేసింది. "టీచరుగారూ, అయిపోయిందండి" అంది. నేను చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లల వైపు తిరిగి, రాసిందే మళ్ళీ రాయమన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. వాళ్ళు మళ్ళీ రాశారు.

అంతకు మూడు రోజుల ముందు ఫ్యాక్టరీ కోల్డ్ స్టోరేజీ గొట్టం నుంచి అమ్మోనియా గ్యాసు లీకైంది. ఆసుపత్రికి తీసుకెళ్ళిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకు వచ్చేశారు. మా ఆడపడుచు రాలేదు. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు.

మర్నాడు పేపర్లో ఆమె ఫోటో వేశారు. తోటి ఆడవాళ్ళను బయటికి నెట్టి తాను బలైపోయిన వీరనారి అని రాశారు. ర్యాప్ పాటలు పాడేదనీ, ఆమెకు ఇంటర్నెట్‌లో అభిమానులున్నారనీ, గోదావరి జిల్లాల ఆణిముత్యమనీ రాశారు. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకునే ఉంటారు. అది అబద్ధం. మా ఆడపడుచు ఎవరినీ కాపాడలేదు. గ్యాసు వచ్చినప్పుడు అందరికన్నా ముందు పడిపోయింది ఆమే. కోల్డ్ స్టోరేజీ తలుపు పక్కనున్న బల్ల దగ్గర నిలబడింది ఆమె కాబట్టి. ఆమెను అక్కడ ఎవరు నిలబెట్టారో, ఎందుకు నిలబెట్టారో చెప్పడానికి ఇది రాస్తున్నాను. వీరనారి అనేస్తే ఆ ప్రశ్న అడగక్కర్లేకుండా పోతుంది కదా.

మాది రామచంద్రపురానికీ కాకినాడకూ మధ్య కాలువ పక్కనున్న ఊరు. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేనాటికి ఆమె తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆడబిడ్డ అర్ధమొగుడని మా అమ్మ నన్ను భయపెట్టి పంపించింది. ఈ అర్ధమొగుడు మొదటి రోజే నా పెట్టెలోని పుస్తకాలన్నీ తీసి మంచం మీద పరిచి, వీటిలో ఏది ముందు చదవమంటావు వదినా అని అడిగింది. ఆమెకు ఇరవయ్యో ఏట పెళ్ళి చేశారు. రెండేళ్ళకి ఒక సంచితో తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చిందో నాకు చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

వచ్చిన నెలలోనే రొయ్యలు ఒలిచే పనికి కుదిరింది. ఆ పని చూడనివాళ్ళకు చెబుతున్నాను. తెల్లవారక ముందే పేట దగ్గరికి బస్సు వస్తుంది. ఎక్కిన ఆడవాళ్ళు పొద్దు వాలేదాకా స్టీలు బల్లల దగ్గర నిలబడే ఉండాలి. ఐసులో నానిన రొయ్యను పట్టుకుని తల తిప్పి తీసెయ్యాలి, పొట్టు ఒలవాలి, వెన్ను మీది నల్ల నరం లాగెయ్యాలి. చేతులకిచ్చే తొడుగులు రెండు రోజులకే చిరుగుతాయి. మా ఆడపడుచు వేళ్ళ చివర్లు ఎప్పుడూ తెల్లగా ఉబ్బి, చర్మం లేచిపోయి ఉండేవి. అన్నం కలుపుకునేటప్పుడు కారం తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అయినా ఆవకాయ మానలేదు. చెంచా ఇస్తే, చెంచాతో తింటే నాలిక్కి నమ్మకం కుదరదొదినా అనేది.

ఆమెకు పాట రాదు. ఈ మాట రాస్తే నవ్వుతారేమో గానీ నిజం. మా చర్చి క్వయర్‌లో రెండేళ్ళు నిలబడింది. శ్రుతిలో ఒక్క ముక్క పలికేది కాదు. ఒక క్రిస్మస్‌కి క్వయర్ మాస్టరు ఆమెను పక్కకి పిలిచి, నోరు కదుపు చాలు, గొంతు బయటికి రానీయకు అన్నాడు. ఆ ఆదివారం నుంచి వెనక బెంచీలో కూర్చుంది. "గొంతు రాకండా నోరు కదపడం నాకు చేతకాదొదినా" అని నాతో అంది.

ఒకరోజు ఫ్యాక్టరీ బస్సులో ఎవరి ఫోన్లోనో ర్యాప్ వింది. ఏ దేశపు భాషో కూడా తెలియదు. ఇంటికొచ్చి చెయ్యి కూడా కడుక్కోకుండా నా దగ్గరికొచ్చింది. "ఆడేం అంటన్నాడో తెలీదుగానీ ఎవడినో నిలదీస్తన్నాడొదినా. రాగం లేదు, మాటే. ఇది మనలాంటోళ్ళ కోసమే పెట్టారు." ఆ సాయంత్రం నా ఫోను తీసుకుని అలాంటివి వరసగా వింది. మర్నాటి నుంచి రాయడం మొదలుపెట్టింది.

చర్చి క్యాలెండరులో అయిపోయిన నెలల కాగితాలు చించి వాటి వెనక రాసేది. బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ, పెదవులు కదుపుతూ వసారాలో అటూ ఇటూ తిరిగేది. మా అత్తయ్య చూసి, పిల్ల ప్రార్థనలో పడిందని పక్కింటివాళ్ళకు సంతోషంగా చెప్పుకునేది. మేము దిద్దలేదు. అత్తయ్య పోయేదాకా ఆ సంతోషంతోనే ఉంది.

నేను తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి మొదట్లో సలహాలిచ్చేదాన్ని. ఒక చరణంలో చెమట అని రాస్తే స్వేదం అంటే గంభీరంగా ఉంటుందన్నాను. "చెమటని చెమటంటేనే కంపు కొడతాదొదినా" అంది. ఆ తర్వాత నేను సలహాలు మానేశాను. పాఠం చెప్పడం కూడా ఆ రోజు నుంచి కొంచెం మార్చుకున్నాను. ఏ మాట రాసినా ఆమె పరీక్ష ఒకటే. మర్నాడు బల్ల దగ్గర రొయ్యలు ఒలుస్తూ మంగకు చెప్పేది. మంగ చేతులు ఆగితే ఆ మాట ఉండేది. ఆగకపోతే కొట్టేసేది.

రికార్డు చెయ్యడానికి మొదట మా బీరువానే స్టూడియో. ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్యకు తల పెట్టి, వెనకనుంచి దుప్పటి కప్పుకుని ఫోన్లో చెప్పేది. చెమటతో తడిసి బయటికొచ్చి నాకు వినిపించేది. తర్వాత రామచంద్రపురంలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఒకాయన దొరికాడు. యాభై దాటిన మనిషి. నాకు అప్పగింతల దగ్గర వేసే వయొలిన్ తప్ప ఇంకేమీ రాదమ్మా అని మొదటే చెప్పేశాడు. మా ఆడపడుచు ఫ్యాక్టరీలో ఫోన్లో పట్టుకొచ్చిన చప్పుళ్ళు ఆయన ముందు పెట్టింది. స్టీలు ట్రేలు బల్లకు తగిలే చప్పుడు, ఐసు దంచే మిషను, బస్సు హారను, జల్లెళ్ళలో రొయ్యలు కుమ్మరించే చప్పుడు. ఆయన రెండు ఆదివారాలు కూర్చుని వాటన్నిటినీ బీటుగా కట్టాడు. మేమిద్దరం పెళ్ళి ఆల్బం చూసే వంకతో అక్కడికి వెళ్ళేవాళ్ళం. ఎవరి పెళ్ళో ఎవరూ అడగలేదు.

తల తీసిన రొయ్యని ఫ్యాక్టరీలో హెడ్‌లెస్ అంటారు. ఆమె పెట్టుకున్న పేరు అదే. వీడియోల్లో ముఖం కనబడదు. రొయ్యలు ఒలుస్తున్న రెండు చేతులే కనబడతాయి. ముఖం చూపిస్తే ఇంకా ఎక్కువమంది చూస్తారని స్టూడియో ఆయన ఒకసారి అన్నాడు. "మొహం చూస్తే పాట వినరండి. ఎవరి కూతురు, మొగుణ్ణెందుకు వదిలేసింది, అది చూస్తారు" అంది.

నాలుగేళ్ళలో తొమ్మిది పాటలు చేసింది. కాలువలో చెరువుల మురుగు వదలడం మీద ఒకటి, ఆధార్ మిషను మీద వేలిముద్ర పడక రేషన్ ఆగిపోయిన ఆడవాళ్ళ మీద ఒకటి. ఐసులో అరిగిన వేళ్ళకి ముద్రలెక్కడివి? ఏ కంపెనీ ఆ పాటలను అమ్మలేదు. ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు, ఒక బస్సు నుంచి ఇంకో బస్సుకు వెళ్ళాయి. భీమవరం వైపు ఫ్యాక్టరీల్లో కూడా ఆడవాళ్ళు వింటున్నారని అక్కడుండే మంగ వాళ్ళ అక్క చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు. మళ్ళీ చెప్పమని అడిగింది.

అన్నిటికన్నా పాకింది "పది నిమిషాలు" అన్న పాట. బాత్రూముకు వెళ్ళాలంటే చీటీ తీసుకోవాలి, పది నిమిషాల్లో తిరిగి రావాలి, ఆలస్యమైతే ఆ పూట పని రాయరు. ఆ పాటలో ఈ రెండు పంక్తులున్నాయి:

రొయ్యకేమో ఐసు, మాకేమో గడియారం
చచ్చినదానికి చలవ, బతికినదానికి బేరం

ఒక ఆదివారం రాజమండ్రిలో గోదావరి గట్టు దగ్గర ఒక టీకొట్టు మేడ మీద ర్యాప్ చెప్పేవాళ్ళంతా కలుసుకుంటున్నారని తెలిసి వెళ్ళాం. అంతా కాలేజీ కుర్రాళ్ళు. ఆమె ఫ్యాక్టరీ నీలం టోపీ, మాస్కు పెట్టుకుని మెట్లెక్కితే ఇద్దరు ముగ్గురు నవ్వారు. చివర్లో అవకాశమిచ్చారు. ఆమె మైకు పట్టుకోలేదు. వేళ్ళ పుళ్ళకి ఆ ఇనుము తగిలితే మంట. నేను పట్టుకున్నాను. నాలుగు నిమిషాలు చెప్పింది. అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాలని తోచలేదు వాళ్ళకి. అంతకు ముందు కార్ల మీద, తుపాకుల మీద పాట చెప్పిన నిడదవోలు కుర్రాడు దగ్గరికొచ్చి, అక్కా, రొయ్య తల ఎలా తీస్తారు అని అడిగాడు. "ఇలా, ఒక్క తిప్పు" అని గాలిలో చూపించింది. తిరుగు బస్సులో సగం దూరం వచ్చాక నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆమె ఆ నాలుగేళ్ళలో నలుగురి ముందు నిలబడి చెప్పింది ఆ ఒక్కసారే.

అక్కడెవరో తీసిన వీడియో చూసి హైదరాబాదు నుంచి ఎవరో ఫోను చేశారు. మాట బాగుంది, గొంతు మొరటుగా ఉంది, వేరే అమ్మాయి చేత పాడిస్తామన్నారు. ఆమె వద్దంది. రెండు నెలలకి వాళ్ళ ఛానెల్లో ఆ పాటే వచ్చింది. రొయ్య అన్న మాట పోయి పిల్ల అన్న మాట వచ్చింది. ఐసు ముక్కలు పోసిన సెట్టింగులో ఒకమ్మాయి డాన్సు చేస్తోంది. బతికినదానికి బేరం అన్న మాట దగ్గర కన్ను కొడుతుంది. మా ఆడపడుచు ఒకసారి పూర్తిగా చూసి ఫోను నాకిచ్చేసింది. "మన మాటకి బట్టలిప్పేశారొదినా" అంది. ఆ ఛానెల్ వాళ్ళు మొన్న ఆమె ఫోటోకి దీపం పెట్టి నివాళి వీడియో వేశారు. సిగ్గు అనే మాటకి వాళ్ళ భాషలో ఏం పేరుందో నాకు తెలియదు.

అయితే ఆమె ప్రాణం తీసింది హైదరాబాదు కాదు. మా ఊరే.

మా పేట ఆడవాళ్ళను ఫ్యాక్టరీకి పంపే కాంట్రాక్టరు మా చర్చి కమిటీలో సభ్యుడు. ఆదివారం కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరుగుతాడు. పది నిమిషాల పాట బస్సుల్లో మోగడం మొదలయ్యాక, చీటీ రంగు దగ్గర్నుంచి అన్నీ తన ఫ్యాక్టరీవేనని అతనికి తెలిసిపోయింది. చేతులు చూసి మనిషిని కనిపెట్టాడు. ఎడమ చూపుడు వేలి మీద ఆమెకో పాత కాలిన మచ్చ ఉంది. తిన్నగా మా ఇంటికొచ్చి, ఆమెతో కాదు, మా ఆయనతో మాట్లాడాడు. మా ఆయన రైసుమిల్లులో గుమాస్తా. ఎవరితోనూ గొడవ పడని మనిషి అని అందరూ మెచ్చుకుంటారు.

"తమ్ముడూ, మీ చెల్లెల్ని మాన్పించడం నాకెంతసేపు. అది కాదు. పేటకి బస్సే ఆపేస్తాను. అప్పుడు ఆ ఆడోళ్ళందరికీ నువ్వు సమాధానం చెప్పుకో."

"ఆయ్, నేను మాట్లాడతానండి" అన్నాడు మా ఆయన.

మాట్లాడలేదు, తీసుకెళ్ళాడు. మర్నాడు పొద్దున్న కాంట్రాక్టరు ఇంటి వరండాలో, బస్సు కోసం వచ్చిన ఆడవాళ్ళందరి ఎదుట, పాట తీసేశాను, తప్పయిపోయింది అని ఆమె చేత చెప్పించారు. నేనూ అక్కడే ఉన్నాను. గట్టిగా చెప్పమన్నాడు కాంట్రాక్టరు. రెండోసారి గట్టిగా చెప్పింది. నలభై ఇళ్ళ పొయ్యిలు ఆ బస్సు మీద ఆధారపడ్డాయని ఆమెకు తెలుసు. అందుకే చెప్పింది, భయపడి కాదు. ఇంటికొచ్చే దారిలో మా ఆయన, పోనీలే, ఇంతటితో అయిపోయింది అన్నాడు.

"నీకయిపోయింది అన్నయ్యా" అంది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు అన్నాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోలేదు. ఆమె కూర వడ్డించేది, ఆయన తినేవాడు. ఉప్పు కావాలంటే నన్ను అడిగేవాడు.

క్షమాపణ చెప్పిన మర్నాడే ఆమె బల్ల మార్చారు. మంగ పక్కనుంచి తీసి, కోల్డ్ స్టోరేజీ తలుపు పక్కనున్న చివరి బల్లకు పంపారు. అక్కడి చలిని ఎక్కువ రోజులు తట్టుకోలేరని, వారానికొకరి చొప్పున మార్చేవారట అంతకు ముందు. ఈమెను మార్చలేదు. ఎనిమిది నెలలు.

అక్టోబరులో అనుకుంటాను, ఇంటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి. తలుపు పైనున్న గొట్టం దగ్గర ఘాటైన వాసన వస్తోందనీ, ఉల్లిపాయలు కోసినట్టు కళ్ళు మండుతున్నాయనీ చెప్పింది. సూపర్‌వైజరుకి రెండుసార్లు చెప్పిందట. ఒక మాస్కు ఇచ్చాడు. ఆ వారమే కొత్త పాట రాసింది.

ముక్కు మండుతోందంటే మాస్కెట్టుకోమంటాడు
మాస్కులోంచొస్తోందంటే మాటలాపమంటాడు

స్టూడియో ఆయన దగ్గర రికార్డు చేసి నాకు వినిపించింది. గొట్టం ఏ గోడకుందో, నట్టు దగ్గర ఎలా బుసకొడుతోందో, ఎవరికి ఎన్నిసార్లు చెప్పిందో అన్నీ అందులో ఉన్నాయి. రేపే పెట్టేస్తానంది.

ఇప్పుడొద్దన్నాను.

ఇది నేను దాచుకోను. బస్సు సంగతి మర్చిపోయావా అన్నాను. క్రిస్మస్ వెళ్ళనియ్యి అన్నాను. "సరే టీచరుగారూ" అంది. ఇరవయ్యేళ్ళలో నన్నెప్పుడూ అలా పిలవలేదు.

ఆ పాట పెట్టి ఉంటే ఎవరైనా వచ్చి గొట్టం మార్చేవారా? బహుశా మార్చేవారు కాదు. ఇంకో బల్లకు పంపేవారేమో, పనిలోంచి తీసేసేవారేమో. తీసేసినా బతికి ఉండేది. నాకు కాంట్రాక్టరు మీద కోపం, సూపర్‌వైజరు మీద కోపం, మా ఆయన మీద కోపం. వాళ్ళందరి పేర్లూ చదివాక ఆ వరసలో నా పేరు కూడా చదువుకుంటాను.

పాట రికార్డయిన మూడో వారంలో గొట్టం పగిలింది. మధ్యాహ్నం భోజనానికి ముందు. మంగ చెప్పిందాని ప్రకారం తెల్లటి పొగ తలుపు సందులోంచి వచ్చింది, మా ఆడపడుచు వెనక్కి తిరిగింది, కేక వెయ్యబోయి అలాగే కూలిపోయింది. మిగతావాళ్ళు ఆమె పడటం చూసి పరుగెత్తారు. అంతే జరిగింది. బయటి గేటుకి తాళం ఉంది.

ఆసుపత్రిలో నన్ను రెండుసార్లు లోపలికి వెళ్ళనిచ్చారు. గొంతు లోపలంతా కాలిపోయిందన్నారు. ముఖానికి ఆక్సిజన్ గొట్టం. మాట లేదు. నా చెయ్యి పట్టుకోలేదు. బొటనవేలు మాత్రం కణుపు మీద నుంచి కణుపు మీదికి కదులుతోంది. ఏ మాటలు లెక్కపెట్టుకుంటోందో కనుక్కోవడానికి నాకు దారి లేదు. కణుపులు చూస్తూ నేనూ లెక్కపెట్టాను. పద్నాలుగు దగ్గర ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది.

సమాధి చేసి వచ్చేసరికి ఊరి మొదట్లో ఫ్లెక్సీ లేచింది. చర్చి రిజిస్టరులోని ఫోటో తీసి నిలువెత్తున వేశారు. ర్యాప్ రాణికి అశ్రునివాళి అట. పైన వరసగా నాయకుల ముఖాలు, ఆమె ముఖం కంటే పెద్దవి. కింద మూలన కాంట్రాక్టరు చేతులు జోడించి ఉన్నాడు. నాలుగేళ్ళు ఆమె ఎవరికీ చూపించని ముఖం అది. వచ్చేపోయే లారీ డ్రైవర్లంతా చూస్తున్నారు.

ఎనిమిదో రోజున కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టారు. కాంట్రాక్టరు వేదిక మీద కూర్చున్నాడు. ఆమె తనకు కూతురులాంటిదన్నాడు. ఒక నాయకుడు, వచ్చే ఎన్నికల్లో మాకు పాట రాస్తానని ఆ చెల్లెమ్మ మాటిచ్చింది అన్నాడు. ఆ నాయకుడి మనుషులు పాట కోసం మా ఇంటికొచ్చిన రోజు ఆమె వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, పాట లేదని చెప్పి పంపించింది. నేను చూశాను. చివర్లో, వదినగారు రెండు ముక్కలు మాట్లాడతారని పిలిచారు.

నేను మాట్లాడటానికి ఏమీ రాసుకోలేదు. ఫోను మైకు దగ్గర పెట్టి గొట్టం పాట నొక్కాను. ఆ పాట నేనూ స్టూడియో ఆయనా తప్ప ఎవరూ వినలేదు. స్టీలు ట్రేల చప్పుడుతో మొదలైంది. వెనక వరసల్లో ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఆ చప్పుడు గుర్తుపట్టి ఒక్కసారిగా తలలెత్తారు. గొట్టం మాట వచ్చేసరికి కాంట్రాక్టరు లేచి, మైకు ఆపమని సైగ చేశాడు. మైకు సెట్టు తెచ్చింది మా స్టూడియో ఆయనే. ఆయన మిషను వెనక వంగి కాసేపు వెతికి, "ఏ వైరో తెలీటం లేదండి" అన్నాడు. పాట చివరిదాకా మోగింది.

అప్పుడు మంగ లేచి నడుచుకుంటూ వేదిక దగ్గరికొచ్చింది. ఎన్నడూ మైకులో మాట్లాడిన మనిషి కాదు. "ఈవిణ్ణి ఆ తలుపు కాడ ఎనిమిది నెలలు నిలబెట్టింది ఈయనేనండి" అని కాంట్రాక్టరును వేలితో చూపించింది. గొంతు పెంచలేదు. చెప్పి కిందికి దిగి, బయటికి నడిచింది. ఆమె వెనక ఆడవాళ్ళంతా వెళ్ళారు. తిన్నగా ఫ్లెక్సీ దగ్గరికెళ్ళి తాళ్ళు విప్పారు. ముఖం లోపలికి వచ్చేలా మడతపెట్టి నా చేతికిచ్చారు.

ఇంతకీ ఏమైంది అంటే, పెద్దగా ఏమీ కాలేదు. ఫ్యాక్టరీ రెండు వారాలకి తెరిచారు. గొట్టానికి కొత్త రంగు వేశారని అక్కడే పనిచేసే మంగ చెల్లెలు చెప్పింది. మంగను పనిలోకి రానివ్వలేదు. చివరి బల్ల దగ్గర ఇంకొకామె నిలబడుతోంది. ప్రమాదం అని కేసు రాసుకున్నారు. నేను స్టేషనుకు వెళ్ళి, ప్రమాదానికి మూడు వారాల ముందే ఆమె అంతా చెప్పింది చూడండి అని పాట ఇస్తే, అక్కడ రాసుకునే ఆయన ఓపికగానే విన్నాడు. "ఇది సాక్ష్యం ఎలా అవుద్ది మేడమ్, పాట కదా" అన్నాడు. మంగా నేనూ ఆ పాటలోని ప్రతి ముక్కనూ అర్జీగా రాసి కలెక్టరు ఆఫీసులో ఇచ్చాం. మళ్ళీ ఇస్తాం. పాట కూడా పెట్టేశాను, ఆమె పేరుతో, చేతులు మాత్రమే కనబడే వీడియోతో. అది ఇప్పుడు బస్సుల్లో తిరుగుతోంది. కాంట్రాక్టరు ఆదివారం కానుకల సంచి ఇంకా పట్టుకుంటూనే ఉన్నాడు. మా వరస దగ్గరికి వచ్చినప్పుడు నేను చేతులు కట్టుకుని అతని ముఖంలోకి చూస్తాను. తలెత్తడు.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. చెల్లెలి పాట ఒక్కటైనా ఆయన విన్నది లేదు. సమాధి అయిన రోజే, ఏదీ, అదేం పాడేదో వినిపించు అని అడిగాడు. వినిపించలేదు. మర్నాడూ అడిగాడు. ఇప్పుడెందుకు అన్నాను. అలా చాలా రోజులు ఆయనను అడగనిచ్చాను. అది క్రూరత్వమైతే కానివ్వండి.

తర్వాత స్టూడియో ఆయన ఒక పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చాడు. అందులో నాకు తెలియని పాట ఒకటుంది. పూర్తి కాలేదు. మొదలుపెట్టినది అన్నయ్యా అని. నేను అక్కడే ఆపేసి, దాన్ని మా ఆయన ఫోనులో వేసిచ్చాను. నేను ఆయనను క్షమించానని ఎవరూ అనుకోవద్దు. అది ఆయనకు రాసిన ఉత్తరం, అందాలి కాబట్టి ఇచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం. ఆయన వీధి మెట్టు మీద కూర్చుని, ఎవరో ఫోను చేస్తే మాట్లాడినట్టు దాన్ని చెవికి ఆనించుకుని విన్నాడు. పాటలు అలా వినరని ఆయనకు తెలియదు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమె గొంతు నాదాకా సన్నగా వస్తోంది. నాలుగు చరణాలు చెప్పింది. తిట్టలేదు. చిన్నప్పుడు కాలువ దాటించడానికి అన్న తనను భుజం మీద ఎక్కించుకున్న సంగతేదో చెబుతోంది. తర్వాత ఆగి, మామూలుగా మాట్లాడినట్టు, "అన్నయ్యా, వింటన్నావా?" అంది.

"ఊఁ" అన్నాడు మా ఆయన.

ఆ తర్వాత మాటలు ఆమె ఇంకా రాయలేదు. బీటు ఒక్కటే నడుస్తోంది. ట్రేలు, ఐసు మిషను, బస్సు హారను. ఆయన ఫోను చెవి నుంచి తీయలేదు.